తలుపు తట్టాక ఎన్ని మెట్లు దిగాలి

అమెరికాలోని ఈరీ ఊళ్లో నవంబరు మొదలుకొని మార్చి నెలాఖరు దాకా డోరీన్ క్రుప్స్కి కావాలంటే ఎవరో ఒకరి ఇంటి నేలమాళిగలో వెతుక్కోవాల్సి వచ్చేది. ఇళ్లు వెచ్చబెట్టే ఫర్నేసులు, పాతకాలపు బాయిలర్లు బాగుచేయడం ఆమె పని. సరస్సు మీంచి మంచు కుమ్మరించినట్టు పడే ఊరది. ఒక్క పూట ఫర్నేసు ఆగిపోయిందంటే గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టి గోడలు తడిసిపోతాయి. అందుకని ఆమె వ్యాను వీధి మలుపు తిరగ్గానే జనం డాక్టరు వచ్చినంత సంబరపడేవాళ్లు. తలుపు తీశాక మాత్రం వాళ్లలో సగం మంది ఆమె భుజం మీంచి వ్యాను వైపు తొంగి చూసి, "మెకానిక్ వెనకాల వస్తున్నాడా?" అని అడిగేవాళ్లు.

"వచ్చేశాడండీ, ఈ చొక్కాలోనే ఉన్నాడు," అంటూ లోపలికి నడిచేది డోరీన్.

పొట్టిగా, భుజాలు వెడల్పుగా, మోకాళ్లకు తోలు మెత్తలు కట్టుకుని తిరిగే మనిషి. ఆరో ఏట తల్లి వదిలేస్తే, ప్రభుత్వం వాళ్లు అప్పగించిన ఇళ్లల్లో పెరిగింది. పద్దెనిమిదేళ్లు నిండేలోపు ఐదు ఇళ్లు మారింది. ఏ ఇంటికి వెళ్లినా ముందు వేడిగాలి వచ్చే ఇనపజాలీ ఎక్కడుందో కనిపెట్టి దాని పక్కన పక్క వేసుకునేది. మూడో ఇంట్లో ఉండగా ఆ గాలి ఎక్కణ్నుంచి వస్తోందా అని జాలీ ఊడదీసి చెయ్యి లోపల పెట్టింది. ఆ ఇంటావిడ వీపు వాయగొట్టింది గానీ, చెయ్యి పెట్టిన కుతూహలం మాత్రం పోలేదు. తర్వాత చర్చిలో బాయిలరు చూసే ఒక ముసలాయన వెంటపడి పని నేర్చుకుంది. పెళ్లి చేసుకుంది. లారీ తోలే ఆ మొగుడు ఫ్లోరిడాకి సరుకు వేసుకెళ్లి అక్కడే ఉండిపోయాడు. కూతురు థియా ఒక్కతే మిగిలింది.

డోరీన్‌కి ఒక చెడ్డ అలవాటు ఉండేది. మనసులో పుట్టిన ప్రశ్నని నోట్లో ఆపుకోలేకపోయేది. చర్చి ఫాదర్ని పట్టుకుని, "మీకు చిన్నప్పుడు అబద్ధాలు బాగా వచ్చేవా?" అని అడిగింది. బ్యాంకు మేనేజరు ఇంట్లో పని చేస్తూ, "మీరిద్దరూ ఈ పద్నాలుగు గదుల్లో ఒకరికొకరు ఎలా దొరుకుతారండీ?" అని అడిగింది. అవి ఆమెకు నిజంగా తెలుసుకోవాలనిపించిన ప్రశ్నలు. అందుకే ఎవరికీ కోపం వచ్చేది కాదు.

రెండువేల పదమూడు శీతాకాలంలో, పదహారేళ్ల థియా బళ్లో వాదన పోటీల జట్టులో చేరింది. ఒక బుధవారం సాయంత్రం వంటింట్లోకి వచ్చి ఫ్రిజ్ తలుపు వెనక నిలబడి మాట కదిపింది.

"అమ్మా, శనివారం నీకు సెలవు కదూ?"

"ఎవరన్నారు?"

"నేనే అన్నాను. మా టీచరుతో."

విషయం ఏమిటంటే, పోటీకి ఎంతమంది పిల్లలు వెళ్తే దానికి తగినంతమంది జడ్జిల్ని కూడా ఆ బడే వెంట తెచ్చుకోవాలి. హాల్వర్సన్ టీచరు ఫోన్ చేసిన తల్లిదండ్రులందరికీ ఆ శనివారమే పళ్లు పీకించుకునే పనులు పడ్డాయట.

"నేనేం జడ్జినే? నేను బడి గట్టెక్కిందే అత్తెసరు మార్కులతో."

"చదువుకున్న జడ్జిలు వేరే ఉంటారులే. దారినపోయే మామూలు మనిషికి కూడా పిల్లల మాట అర్థమవుతోందా లేదా అని చూడ్డానికి కొంతమంది మామూలు మనుషులు కావాలట."

"అంటే మా అమ్మ మామూలు మనిషే అని హామీ ఇచ్చావన్నమాట."

"హామీ ఏం లేదు. రెండుసార్లు అడిగారు, రెండుసార్లూ అవునన్నాను."

అలా ఆ శనివారం పొద్దున్నే డోరీన్ పక్కూరి హైస్కూల్లో, పిల్లలు కూర్చునే బల్లలో మోకాళ్లు ఇరుక్కునేలా కూర్చుంది. ఎదురుగా ఒక తీర్పు కాగితం, చెక్కిన పెన్సిలు. జడ్జిలకిచ్చిన సూచనల్లో మొదటిది మందపాటి అక్షరాల్లో ఉంది: మీకు ముందే తెలిసినవీ, మీరు ముందే నమ్మినవీ గది బయట వదిలి రండి. లోపల విన్నదాన్ని బట్టే తీర్పు చెప్పండి. ఆమె దాన్ని మూడుసార్లు చదువుకుంది. ఫర్నేసు పనిలోనైతే ముందే తెలిసినదే కదా మనిషిని కాపాడేది అనుకుంది.

ఆ ఏడాది పిల్లలకిచ్చిన ప్రతిపాదన ఇది: అమెరికాలో మనిషికి పుట్టుకతో కలిసొచ్చేవాటిలో ఒంటి రంగు కంటే ఇంటి కలిమే పెద్దది. ఎవరు ఏ వైపు వాదించాలో పిల్లల చేతుల్లో లేదు. పోటీ కాగితంలో పేరు ఎడమ పక్కన పడితే ప్రతిపాదనకు అనుకూలం, కుడి పక్కన పడితే వ్యతిరేకం.

మధ్యాహ్నం దాకా మూడు జతల పిల్లల్ని వింది. మగవాడిగా పుట్టడం, అమ్మా నాన్నా ఇద్దరూ ఉన్న ఇంట్లో పుట్టడం, యాస లేని ఇంగ్లీషు, జబ్బు లేని ఒళ్లు, ఇంటి పేరు, బడి ఏ వీధిలో ఉందన్నది, ఇలా ఒక్కో పిల్లా ఒక్కోటి బయటకు తీస్తుంటే, ఆమెకు ఎవరో కొత్త ఇంట్లో స్విచ్చులన్నీ వేసి చూపిస్తున్నట్టు అనిపించింది. తనకు ఏవి ఉన్నాయో, ఏవి లేవో కాగితం అంచున గీతలు పెట్టుకుంటూ కూర్చుంది. ఒకచోట గీత పెట్టి, కొట్టేసి, మళ్లీ పెట్టింది.

నాలుగో జత వచ్చింది. ఎడమ పక్క సెలెస్ట్ గిలియార్డ్ అనే నల్లజాతి అమ్మాయి. సరస్సు పడమటి ఒడ్డున, నెలకింత జీతాలు కట్టి చదువుకునే బడిపిల్ల. నీలం కోటు మీద బడి ముద్ర, చేతిలో రంగురంగుల అట్టలున్న ఫైళ్లు. కుడి పక్క వేలన్ టిబ్స్ అనే తెల్లబ్బాయి. ఊరికి తూర్పున, చక్రాల మీద నిలబెట్టిన రేకుల ఇళ్ల పేట నుంచి వచ్చాడు. బడి నాటకాల బట్టల్లోంచి తీసిన కోటు తొడుక్కున్నాడు కాబోలు, చేతులు వేళ్ల దాకా వచ్చి మాటిమాటికీ వెనక్కి మడుచుకుంటున్నాడు. కాగితంలో పేర్లు పడ్డ తీరు వల్ల, ఇంటి కలిమే పెద్దదని ఆ అమ్మాయి వాదించాలి. కాదు, ఒంటి రంగే పెద్దదని ఈ అబ్బాయి వాదించాలి.

డోరీన్ పెన్సిలు కింద పెట్టి ఇద్దరి మొహాలూ చూసింది. వాళ్లకు మాత్రం ఇందులో వింతేమీ ఉన్నట్టు లేదు.

సెలెస్ట్ నెమ్మదిగా, గోడకు మేకు కొట్టినట్టు మాట్లాడింది. పుట్టిన ఇంటిని బట్టి పిల్ల తాగే నీళ్లు, ఎక్కే బస్సు, నేర్చుకునే లెక్కలు, పెద్దయ్యాక చేసే ఉద్యోగం, చివరికి చచ్చే వయసు కూడా ఎలా మారతాయో వరసగా చెప్పింది. వేలన్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"సొమ్ము జేబులో ఉంటుందండీ. రంగు మొహం మీద ఉంటుంది. ముక్కూమొహం తెలియని ఇంటి తలుపు తట్టినప్పుడు, తీసేవాళ్లకి ముందు కనిపించేది జేబా, మొహమా? ఒకే పని మీద, ఒకే చొక్కా తొడుక్కుని ఇద్దరు వెళ్లినా తలుపు ఇద్దరికీ ఒకేలా తెరుచుకోదు."

ఎదురు ప్రశ్నల వంతు రాగానే సెలెస్ట్ అడిగింది. "తలుపు దగ్గర మనిషి ఎంతసేపు నిలబడతాడు?"

"అదీ... ఒక నిమిషం."

"పుట్టిన ఇంట్లో ఎన్నేళ్లుంటాడు?"

వేలన్ కోటు చెయ్యి మడుచుకున్నాడు. "పద్దెనిమిది," అన్నాడు. తర్వాత తేరుకుని, ఆ ఒక్క నిమిషం రోజూ వస్తే, జీవితమంతా వస్తే ఎంతవుతుందని గట్టిగానే తిప్పికొట్టాడు. అయినా డోరీన్ మనసు అప్పటికే ఒక పక్కకి ఒరిగింది. తలుపులా? తలుపుల సంగతి ఆమెకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పంతొమ్మిదేళ్లుగా రోజుకి ఏడెనిమిది తలుపులు తట్టింది. మెకానిక్ ఎక్కడని అడిగారేమో గానీ తెరవని తలుపు లేదు. తను పనిచేసే కంపెనీలో నల్లవాళ్లూ ఉన్నారు, వాళ్లూ అవే ఇళ్లకు వెళ్తున్నారు.

తీర్పు సెలెస్ట్‌కి ఇచ్చింది. కాగితం మీద కారణం రాసింది: "అబ్బాయి మంచి మాటకారి. కానీ తలుపుల వాదన నమ్మేలా లేదు. ఈ సంగతి నేను సొంత అనుభవంతో చెబుతున్నాను." కింద సంతకం పెట్టి, చుట్టూ ఒక గీత కూడా గీసింది.

సోమవారం పొద్దున కంపెనీ షెడ్డులో వ్యాన్లకు సామాను ఎక్కిస్తూ ఆ ముచ్చటంతా ఆర్నెట్ పిట్‌మన్‌కి చెప్పింది. ఆర్నెట్ నల్లజాతివాడు, ఆరడుగుల పైన ఉంటాడు. డోరీన్ చేరిన ఏడాదే అతనూ చేరాడు. కళ్లజోడు దారం కట్టి మెడలో వేసుకుంటాడు. మధ్యాహ్నం తిండికి సీసాలో ఊరబెట్టిన కోడిగుడ్లు తెచ్చుకుంటాడు. ఇద్దరూ పంతొమ్మిదేళ్లుగా ఒకే షెడ్డులో ఉన్నా, ఎవరి వ్యాను వాళ్లది, ఎవరి ఇళ్లు వాళ్లవి.

"అయితే జడ్జమ్మగారూ, ఆ కుర్రాణ్ణి ఓడించారన్నమాట," అన్నాడు.

"ఏం చెయ్యను మరి, తలుపుల గురించి నాకే పాఠం చెప్పాడు. ఒకే చొక్కా తొడుక్కున్నా తలుపు ఒకేలా తెరుచుకోదట."

ఆర్నెట్ సీసా మూత బిగించాడు. "నువ్వు తలుపు తట్టాక ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను? వాళ్లు తీసేలోపు బూట్లకు కవర్లు తొడుక్కుంటాను."

"గుమ్మంలోనే?"

"ఇంకెక్కడ?"

"నేను తట్టి మూడు మెట్లు దిగుతాను," అన్నాడు ఆర్నెట్. "పనిముట్ల సంచి ఎడం చేతిలో, వాళ్లకి కనపడేట్టు. కంపెనీ కార్డు కుడిచేత్తో గుండె దగ్గర. టోపీ తీసేస్తాను. చెవులు ఊడిపోతున్నా సరే. ముందు కిటికీ తెర కదులుతుంది. అప్పుడు నవ్వుతాను. పళ్లు మరీ ఎక్కువ కనపడకూడదు. తర్వాత ఆఫీసుకి ఫోన్ వెళ్తుంది, మీరు ఎవర్నైనా పంపారా అని. వాళ్లు అవునంటారు. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది."

"ప్రతి ఇంట్లోనా?"

"ప్రతి ఇంట్లో కాదు. కానీ ఏ ఇంట్లోనో ముందు తెలియదుగా. అందుకని ప్రతి ఇంటి దగ్గరా దిగుతాను."

డోరీన్ చేతిలో గొట్టం ముక్క అలాగే ఉండిపోయింది. "పంతొమ్మిదేళ్లయింది ఆర్నెట్. నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు. ఈ లోకంలో అన్నీ అడుగుతావు. గుడ్లు వెనిగర్లో ఎన్నాళ్లు వేశావని అడుగుతావు. ఇది మాత్రం ఎప్పుడూ అడగలేదు."

అతను నవ్వుతూనే అన్నాడు. డోరీన్‌కి మాత్రం ఆ రోజు వెళ్లిన ప్రతి ఇంటి ముందూ అదే గుర్తొచ్చింది. తట్టి, మెట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. ఒకచోట మెట్లు దిగి నిలబడి చూసింది. తలుపు తీసిన ముసలావిడ, "అదేంటమ్మా, అంత దూరంలో నిలబడ్డావు? జారిపడతావు, రా," అంది.

ఆ వారంలోనే పడమటి ఒడ్డున ఒక పెద్ద ఇంట్లో ఆవిరి బాయిలరు మార్చే పని పడింది. బరువు పని కాబట్టి ఇద్దర్ని పంపారు. ఆవిరి బాయిలర్లంటే కంపెనీ మొత్తానికి డోరీన్ చెప్పిందే మాట. ఆర్నెట్‌ది గ్యాస్ ఫర్నేసుల పని. ఇంటి ముందు వ్యాను ఆపాక డోరీన్ అంది, "ఇవాళ నువ్వు తట్టు. నేను చూడాలి."

"చూడ్డానికి ఇదేమన్నా సర్కస్సా?"

"తట్టు నాయనా."

ఆర్నెట్ తట్టి, అలవాటు చొప్పున మూడు మెట్లు దిగాడు. డోరీన్ ఒక్కతీ పైన మిగిలిపోయింది. ఏం చెయ్యాలో తోచక ఆమె కూడా దిగి అతని పక్కన నిలబడింది. కిటికీ తెర కదిలింది. ఆర్నెట్ కొలిచినట్టు నవ్వాడు. డోరీన్ కూడా నవ్వబోయింది గానీ, అది ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. తలుపు తీసిన ఇంటాయన డ్రెస్సింగ్ గౌనులో, చేతిలో సగం తిన్న టోస్టుతో ఉన్నాడు. చూపు ఆర్నెట్ మీంచి జారి డోరీన్ మీద ఆగింది.

"రండమ్మా, రండి. ఇతను మీతో వచ్చాడా?"

"ఇద్దరం వచ్చామండీ, కంపెనీ నుంచి," అంది డోరీన్.

నేలమాళిగలోకి దిగాక చూస్తే సంగతి తిరగబడింది. ఇంటాయన డోరీన్‌కి వీపు పెట్టి ఆర్నెట్ వైపు తిరిగాడు. "ఏమంటావు? మొత్తం మార్చాల్సిందేనా, కొంత మిగుల్చుకోవచ్చా?"

"ఆవిరి బాయిలర్ల సంగతి ఆవిణ్ణి అడగాలండీ. నేను మొయ్యడానికి వచ్చాను," అన్నాడు ఆర్నెట్.

డోరీన్ చెప్పింది. పైగొట్టం బాగానే ఉందని, కింది పెట్టె పగిలిందని, ఎక్కడ పగిలిందో దీపం పెట్టి చూపించింది. ఇంటాయన శ్రద్ధగా విని, ఆర్నెట్ కేసి తల ఊపి, "అయితే ఎన్ని రోజులు పడుతుంది?" అని అతన్నే అడిగాడు. ఆర్నెట్ డోరీన్ వైపు చూశాడు. "రెండు," అంది డోరీన్. "రెండు రోజులట. సరే మరి," అన్నాడు ఇంటాయన, ఆర్నెట్‌తోనే. మనిషి చెడ్డవాడేం కాదు. మధ్యాహ్నం తనే కాఫీ పెట్టి ఇద్దరికీ కిందికి తెచ్చిచ్చాడు.

సాయంత్రం వ్యానులో కూర్చుని తలుపు వేసుకున్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు ఆగలేదు. అద్దాల నిండా ఆవిరి పట్టేసింది.

"గుమ్మం దగ్గర నువ్వు నాకంటే పెద్ద. బాయిలరు దగ్గర నేను నీకంటే పెద్ద," అన్నాడు ఆర్నెట్, కళ్లు తుడుచుకుంటూ. "మధ్యలో నేలమాళిగ మెట్ల మీద మాత్రం ఇద్దరం సమానం."

"అవి పదమూడు మెట్లే," అంది డోరీన్.

ఇంజను వేడెక్కేదాకా అలా కూర్చున్నారు. పెపరోని మాంసం కూరిన బన్నులు చెరొకటి తిన్నారు. డోరీన్‌కి లోపల ఇంకో ప్రశ్న మెదులుతోంది.

"నీకు నడుము పట్టేసిన ఏడాది, నాలుగు నెలలు పనిలోకి రాలేదు కదా. అప్పుడెక్కడున్నావు?"

"మా నాన్న ఇంట్లో. పక్క మీంచి లేవలేకపోతే ఎక్కడుంటాను? ఆయనే చేపల సూపు కాచి ఇచ్చేవాడు. చేప ముల్లు తీయడం రాదుగానీ, పాఠాలు మాత్రం బాగా చెప్పేవాడు. అమ్మా నాన్నా ఇద్దరూ బడిపంతుళ్లేగా, నేను మంచాన పడ్డా వదల్లేదు."

"నాకు నడుము పట్టేస్తే నేనెక్కడికి పోవాలి?"

ఆర్నెట్ బన్ను కాగితంలో చుట్టి పక్కన పెట్టాడు.

"దిక్కు లేదని ఏడవడం లేదు," అంది డోరీన్. "ఊరికే అడుగుతున్నాను. కంపెనీ కాగితాల్లో ఒక గడి ఉంటుంది చూడు, ప్రమాదం జరిగితే ఎవరికి కబురు చెయ్యాలని. థియా చిన్నది కదా. మొగుడు వెళ్లిపోయిన దగ్గర్నుంచీ ఆ గడిలో మన షెడ్డు ఫోన్ నంబరే రాస్తున్నాను. నాకు దెబ్బ తగిలితే షెడ్డు వాళ్లు షెడ్డుకే ఫోన్ చేసుకుంటారు."

ఆర్నెట్ అద్దం మీది ఆవిరి తుడిచాడు. వైపరు వేసి, ఆపి, మళ్లీ వేశాడు. "అమ్మా నాన్నా ఉండటం కూడా ఒక కలిసొచ్చిన సంగతని నేనెప్పుడూ అనుకోలేదు," అన్నాడు చివరికి. "అందరికీ ఉంటారని కాదు. నాకున్నారని తెలియలేదు. గాలిలాగా."

మర్నాడు పొద్దున డోరీన్ వ్యాను అద్దానికి ఒక కాగితం అంటించి ఉంది. దాని మీద ఆర్నెట్ ఇంటి నంబరు, కింద, "ఆ గడిలో ఇది రాయి. ఆదివారం మాత్రం చర్చిలో ఉంటాను, రెండోసారి చెయ్యమను." ఆమె ఆఫీసులోకి వెళ్లి నిజంగానే మార్పించింది. ఆ విషయం ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు.

ఆఫీసులో ఉండగానే ఆమెకు ఇంకో ఆలోచన వచ్చింది. ఏ మెకానిక్ వస్తున్నాడో ఇంటివాళ్లకు ముందే ఫోటో పంపితే తలుపు దగ్గర ఈ తతంగం ఉండదు కదా అని. ఆర్నెట్‌కి చెబితే చెయ్యి అడ్డంగా ఊపాడు. "వద్దు తల్లీ. ఇప్పుడైతే మెట్ల దాకానైనా వెళ్తున్నాను. ఫోటో పంపితే షెడ్డు దాటకముందే వద్దనేస్తారు."

ఇంత జరిగినా ఆమెను తినేస్తున్నది తీర్పు కాగితమే. వేలన్ చెప్పింది నిజం. తను దాన్ని అబద్ధమంది. అదీ సొంత అనుభవమని చుట్టూ గీత గీసి మరీ. బయట వదిలి రమ్మన్నదాన్ని చంకలో పెట్టుకుని లోపలికి వెళ్లింది, పైగా అదీ సగమే తెలిసిన అనుభవం. హాల్వర్సన్ టీచరుకి ఫోన్ చేసింది.

"తీర్పు మార్చాలండీ."

"అది జరిగే పని కాదు, మిస్ క్రుప్స్కీ. బహుమతులు కూడా ఇచ్చేశారు."

"ఆ అబ్బాయికి ఏమైనా నష్టం జరిగిందా?"

టీచరు కాస్త తటపటాయించింది. "ఒక్క గెలుపు తక్కువై తర్వాతి మెట్టుకి వెళ్లలేకపోయాడు. ఇలాంటివి మామూలేనండీ. మీరు మనసులో పెట్టుకోకండి. మళ్లీ ఫిబ్రవరిలో వస్తారుగా?"

డోరీన్ ఫిబ్రవరిలో వెళ్లింది. ఆ రోజు ఆమెకు ఆ ఇద్దరి జత పడలేదు. మధ్యాహ్నం భోజనాల వేళ బల్లలన్నీ వెతికి, చిప్స్ అమ్మే యంత్రం దగ్గర వేలన్‌ని పట్టుకుంది. యంత్రం అతని చిప్స్ పొట్లాన్ని మధ్యలోనే వేలాడదీసింది. అతను దాన్ని భుజంతో కుమ్ముతున్నాడు. డోరీన్ పక్క నుంచి ఒక్క తట్టు తట్టింది. పొట్లం పడింది.

"నేను గుర్తున్నానా?"

"తలుపుల జడ్జిగారు," అన్నాడు వేలన్ వెంటనే. "మీ తీర్పు కాగితం మా జట్టు గోడకి అంటించారండీ. చుట్టూ గీత గీసింది మీరొక్కరే."

డోరీన్ చెవులు ఎర్రబడ్డాయి. "దాని గురించే వచ్చాను బాబూ. నేను తప్పు చేశాను. నువ్వు చెప్పింది నిజం. నాకు తెలియకపోతే అది నిజం కాదనుకున్నాను. నీకు రావాల్సిన గెలుపు నా వల్ల పోయింది. తీర్పు మార్చమన్నాను, కుదరదన్నారు. అందుకని నీతోనైనా చెప్పాలని."

వేలన్ చిప్స్ పొట్లం చించడం మర్చిపోయాడు. ఏ పెద్దవాళ్లూ అతనితో అలా చెప్పి ఉండరు. కాసేపటికి, "నిజం చెప్పనా జడ్జిగారూ? ఆ తలుపుల మాట నేనూ నమ్మలేదు. మా సార్ ఇచ్చిన ఫైల్లో ఉంటే బట్టీ పట్టాను. మా పేటలో తలుపు తట్టేది కరెంటు బిల్లు వాళ్లు. వాళ్లని మేం ఏ రంగైనా లోపలికి రానివ్వం," అన్నాడు.

"నేను నమ్మాను," అన్నారెవరో వెనక నుంచి. సెలెస్ట్. నీళ్ల సీసా నింపుకోవడానికి వచ్చి, వినేసినట్టుంది. "నమ్మాను కాబట్టే దానికి జవాబు తయారుచేసుకోవడానికి నాకు నెల పట్టింది."

డోరీన్ ఆ పిల్ల వైపు తిరిగింది. "అమ్మాయ్, అడగొచ్చో అడక్కూడదో నాకు తెలియదు. మీ ఇంటి సంగతేంటి?"

సెలెస్ట్ ఒక్క క్షణం ఆలోచించింది. చెప్పాలా వద్దా అని తూచుకుంటున్నట్టు. "మా నాన్న గుండె ఆపరేషన్లు చేసే డాక్టరండీ. మేం ఆ వీధికి వచ్చిన కొత్తలో నాన్న మా ఇంటి ముందు మంచు తోడుతున్నాడు. పక్కింటావిడ వచ్చి, నా వాకిలి కూడా తోడిపెట్టు, ఎంత తీసుకుంటావు, అంది."

"మరి ఆయనేమన్నాడు?"

"తోడిపెట్టాడు. తర్వాత సంగతి తెలిసి ఆవిడ కేకు చేసి తెచ్చింది. మా అమ్మ ముట్టుకోలేదు. నేను తిన్నాను. నిజంగా చాలా బావుంది."

వేలన్ నోట్లో చిప్స్ పెట్టుకుని అన్నాడు, "మా అమ్మ రోజూ అవతలివాళ్ల వాకిళ్లే తోడుతుంది. ఆవిడకెవరూ కేకు ఇవ్వలేదు."

"అది నా వాదన," అంది సెలెస్ట్.

"కాదు, ఇవాళ నాది. ఎడమ పక్క పడ్డాను."

డోరీన్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వాళ్లు జవాబు చెప్పగలరని ఆమెకు నిజంగా నమ్మకం కలిగింది. "అయితే నాకు చెప్పండి, పోటీ గీటీ వదిలేసి. ఏది పెద్దది?"

ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచి, ఒకేసారి ఆగారు. "ఏ వైపు చెప్పమంటారు?" అంది సెలెస్ట్. అప్పుడు ముగ్గురికీ నవ్వొచ్చింది. గంట మోగింది. పిల్లలిద్దరూ ఎవరి గదికి వాళ్లు పరిగెత్తారు. వేలన్ సగం పొట్లం డోరీన్ చేతిలో పెట్టి మరీ వెళ్లాడు.

థియా మరుసటి ఏడు వాదనలు వదిలేసి కుస్తీ జట్టులో చేరింది. మాటలతో కొట్టుకోవడం కంటే అదే తొందరగా తేలిపోతుంది అంది. డోరీన్ మాత్రం మానలేదు. కూతురు బడి దాటి, వెల్డింగు నేర్చుకుని, ఓడల మరమ్మతు పనిలో చేరాక కూడా ఆమె చలికాలపు శనివారాలు వెళ్తూనే ఉంది. ప్రతిపాదనలు ఏటా మారేవి. జైళ్లు, నీళ్లు, ఓట్లు, మందుల ధరలు. ఏ అంశమైనా, గదిలోకి వెళ్లేముందు ఆమె ఒక చిన్న కాగితం మీద ఈ సంగతి గురించి తనకు ముందే ఏం తెలుసనుకుంటోందో రాసేది. తర్వాత ఆ సంగతి ఎవరినుంచి తెలిసిందో పక్కన రాసేది. చాలాసార్లు అక్కడ తన పేరు ఒక్కటే ఉండేది. జడ్జిలుగా కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు అదేమిటని అడిగితే దాచకుండా వేలన్ కథ చెప్పేది. తన పేరూ, తను గీసిన గీతా కలిపి చెప్పేది.

ఒకసారి ఆ కథ విని ఒక పళ్ల డాక్టరు కాస్త చిరాకుపడ్డాడు. "నేను రెండు ఉద్యోగాలు చేసుకుంటూ చదివానండీ. నాకు కలిసొచ్చిందేమీ లేదు."

"నిజమే అయ్యుంటుంది," అంది డోరీన్. "రెండో ఉద్యోగం మీకెవరు చూసిపెట్టారు?"

ఆయన "మా మేనమామ" అని చెప్పబోయి ఆగాడు. ఆమె అది వాదన గెలవడానికి అడగలేదు. మేనమామ ఏ పని చేసేవాడో, మనిషి ఎలాంటివాడో అరగంట అడిగి తెలుసుకుంది. ఆయన వెళ్లేటప్పుడు ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లాడు.

ఆర్నెట్ పదవీ విరమణ చేసిన చలికాలం, ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఒక శనివారం డోరీన్ వెంట జడ్జిగా వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుంటూ గదిలోకి వెళ్లాడు. గంటన్నర తర్వాత బయటకు వచ్చేసరికి నుదురంతా చెమట. డోరీన్ అప్పటికే రెండు కాఫీలు పట్టుకుని వరండాలో కాచుకుని ఉంది.

"ఎలా ఉంది?"

"బాయిలరు మొయ్యడమే నయం," అన్నాడు. "ఇద్దరూ చెప్పింది నిజమే. ఇద్దరికీ ఇవ్వడానికి మాత్రం గడి లేదు."

"ఎవరికిచ్చావు?"

"చెప్పకూడదని కాగితంలో రాసుందిగా."

"నాకు చెప్పొచ్చు."

"నీకసలు చెప్పను. ఎందుకిచ్చావని వచ్చే చలికాలం దాకా అడుగుతావు," అని కాఫీ అందుకుని, తర్వాతి గది నంబరు వెతుక్కుంటూ వెళ్లిపోయాడు.